ఇల్లు దులుపుట - అటకమీది చరిత్ర



పుష్యమాసము దగ్గఱకు వచ్చినది. ఇక నాలుగు దినములలో మన యిండ్లలో దులుపుట, అలుకుట, వెల్లవేయుట మొదలగును. అటకలు దింపుదురు. పాతసామాను పెరటిలోనికి వచ్చును. అందు కొంత తిరిగి యింటిలోనికి పోవును. కొంత భోగిమంటలోనికి పోవును. కొంత పాతసామాను కొనువాని బండి యెక్కును. ఏది యెచటికి పోవలెనో నిర్ణయించుటకు ఇంటివారికి పట్టునది అరనిమిషము. ఆ యరనిమిషమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఇల్లు దులుపుకొనుటకు రేడియోలో ప్రసంగమేల, అందు చరిత్ర యేమున్నది, అని మీలో కొందఱనుకొనవచ్చును. తెలుగు వాఙ్మయములో ఏది నిలిచినది, ఏది పోయినది అని విచారించినకొలది, ఆ తీర్పు రాజుల యాస్థానములలో కంటె పల్లెటూళ్ల పెరళ్లలోనే యెక్కువగా జరిగినట్లు నాకు తోచుచున్నది. ముప్పది యేండ్లకు పైగా తెలుగు పంతులుగా పనిచేసి, పిల్లలచేత కవుల కాలములు వల్లెవేయించినవాడను. ఆ కవుల కావ్యములు మన చేతికి వచ్చిన త్రోవ యెట్టిదో చెప్పు పాఠము మాత్రము నేను బోధించిన వాచకములలో కానరాలేదు.

మొదట మన పాత యిండ్ల పొందికను తలచుకొందము. ఇప్పటి యిండ్లతో పోల్చినచో వానిలో వస్తువులు తక్కువ. వస్తువులను పెట్టు చోటులు మాత్రము పేరు పేరున నుండెడివి. దీపమునకు గోడలో గూడు, కండువాకు చిలుకకొయ్య, పెరుగునకు ఉట్టి, పట్టుబట్టలకు భోషాణము, పప్పుదినుసులకు కుండల దొంతర, ధాన్యమునకు గాదె, అది చాలనిచో నేలలో పాతర. దొంతరలో అడుగుకుండలోనిది విత్తనమనియు, పైకుండలోనిది తిండిగింజ యనియు చీకటిలోనైనను ఇల్లాలి చేతికి తెలియును. దినదినము కావలసినది చేతికందు నెత్తున నుండును. పెండ్లికో తద్దినమునకో కావలసిన గుండిగలు, గంగాళములు అటకమీద నుండును. పాతర తీసినప్పుడు వెంటనే లోనికి దిగరాదనియు, మూత తీసి గాలి పోనిచ్చి, దీపమును దింపి, అది ఆరకుండినచో మనిషి దిగవలెననియు మా పెద్దలు చెప్పెడివారు. ఇంత వివరముగల పొందిక యది. వస్తువును ఎచట పెట్టవలెనో తెలిసిన యింట, ఆ వస్తువు ఎందుకున్నదో కూడ తెలిసియుండెను.

ఈ పొందిక ఊరక నిలుచునది కాదు; ఏటేట దానిని సరిచూడవలెను. కొత్తపంట ఇంటికి వచ్చుటకు ముందు గాదెలు ఖాళీచేసి, మట్టియు పేడయు మెత్తి, ఆరబెట్టనిచో పాతగింజలోని పురుగు కొత్తగింజకు పట్టును. కావున సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుట పండుగ శోభకొఱకు మాత్రమే కాదు, పంటకొఱకు కూడ. విరిగిన మంచపుకోళ్లు, చెదపట్టిన వాసములు, చివికిన చేటలు భోగినాడు మంటలో పడెడివి. అంతయు కట్టెయు ఆకును గనుక కాలి బూడిదయై పొలమునకు పోయెడిది. ఇప్పుడు కొన్ని యూళ్లలో బండిచక్రముల రబ్బరును, ప్లాస్టికు సంచులను భోగిమంటలో వేయగా చూచితిని. ఆ పొగ పీల్చిన పసిబిడ్డకు సాయంకాలము భోగిపండ్లు పోసి ప్రయోజనమేమి? ఇది ప్రస్తుతాంశము కాదు గాని, చెప్పక యుండలేకపోయితిని.

ఇక అటకమీదికి పోదము.

చదువుకొన్నవారి యింట, గుండిగల ప్రక్కన, గుడ్డలో చుట్టిన తాటాకుకట్టలుండెడివి. తాటాకునో, శ్రీతాళపుటాకునో ఈనె తీసి, సమముగా కోసి, నీటిలో నుడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, త్రాడు పోవుటకు రంధ్రము వేసి, పైనను క్రిందను కొయ్యపలకలు పెట్టి బిగించెడివారు. ఇనుపగంటముతో వ్రాసినది ఆకుమీద గీత మాత్రమే. ఆకుపసరుతో కలిపిన మసిని పూసి తుడిచినప్పుడు, ఆ గీతలో మసి నిలిచి యక్షరము కనబడును. ఆకునందలి నారవెంట తిన్ననిగీత గట్టిగా గీచినచో ఆకు చీలును. మన యక్షరములు గుండ్రనగుటకు అదియొక కారణమని పెద్దలందురు. పొగ తగిలిన యాకును పురుగు ముట్టదని, ఈ కట్టలను వంటయింటి పొయ్యికి పైనున్న యటకలో నుంచుట గలదు. వసకొమ్ము ముక్కలను గుడ్డలో పెట్టి కట్టుటయు గలదు. దసరాలో సరస్వతీపూజకు కట్టలను దింపి, దుమ్ము దులిపి, గాలికి విప్పి, మరల బిగించి పైకెక్కించెడివారు. అనగా పుస్తకమునకు కూడ గాదెకున్నట్లే ఏటికొక సంస్కారముండెనని తెలియవలెను.

ఎంత కాపాడినను ఆకునకు ఆయుస్సు గలదు. మన తేమకు, చెదలకు తట్టుకొని రెండుమూడు వందల యేండ్లు నిలిచిన యాకు అదృష్టము గలది. కావున కొన్ని తరముల కొకసారి ఎవరో యొకరు కూర్చుండి, పాతప్రతిని చూచి కొత్తప్రతి వ్రాయవలసినదే. రాజరాజనరేంద్రుని కాలమున, పదునొకండవ శతాబ్దమున, నన్నయభట్టు చెప్పిన భారతము నాటి యాకులమీద మనకు దక్కలేదు. అది మనవఱకు వచ్చుట నడుమనున్న లేఖకుల చలువ. గ్రంథాంతమున వారు, నడుము వంగినది, మెడ పట్టినది, చూపు మందగించినది, తప్పులున్న మన్నింపుడు, అని వేడికొనుట వాడుక. కాలము మాత్రము ప్రభవ, విభవ యని సంవత్సరనామముతో వ్రాసి యూరకుందురు. ఆ పేరు అరువదియేండ్ల కొకసారి తిరిగి వచ్చును గనుక, అది ఏ శతాబ్దమో తెలియక మనము తల గోకికొనవలసి వచ్చును.

కొత్తప్రతి సిద్ధమైన పిమ్మట పాతదాని నేమి చేయుదురు? అది సరస్వతి, కాళ్లక్రింద పడరాదు. అందుచేత పసుపుకుంకుమ లుంచి ఏటిలో విడుచుట గాని, అగ్నికి సమర్పించుట గాని ఆచారమైనది. ఇచట ఒక్కక్షణము నిలిచి చూడుడు. ఆ యాచారములో విడుచుట రెండవ పని. విప్పి చూచి, ఎత్తి వ్రాసికొనుట మొదటి పని. మొదటి పని ముగిసినగాని రెండవదానికి అధికారము లేదు. ఈ రెండును జతగా నున్నంతకాలము ఏటిలో విడిచిన గ్రంథము ఇంటిలో నుండనే యుండెను.

పందొమ్మిదవ శతాబ్దములో అచ్చుయంత్రము ఈ జతను విడదీసినది. నేను అచ్చును నిందించువాడను కాను. మద్రాసులో వావిళ్లవారి వంటి ముద్రాపకులు లేకుండినచో, నా వంటివాని చేతికి కావ్యము దొరకెడిదే కాదు. అయినను జరిగినదేమి? అచ్చుపుస్తకము చౌకగా దొరకగా గంటము పట్టువారు పోయిరి. అచ్చైన గ్రంథమునకు వేయి ప్రతులైనవి. అచ్చుకాని గ్రంథమునకు కొత్తప్రతి వ్రాయువాడే లేకపోయెను. రెండు తరములు గడచునప్పటికి తాతగారి చేవ్రాత మనుమనికి తెలియదు. పాత వ్రాతలో పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు, అంకెలు వేఱు, కొన్ని గుణింతములు, వత్తులు వేఱు. చదువవలసినది చూచుటకు మాత్రమే మిగిలెను, చూచుట పోయి దులుపుట మిగిలెను. అప్పుడు ఆచారములో మొదటి సగము రాలిపోయి రెండవ సగము, అనగా ఏటిలో విడుచుట, ఒంటరిగా నిలిచినది. భక్తితోనే విడిచిరి. భక్తితో విడిచినందున పోయినది తిరిగి రాలేదు.

మన పొరుగున తమిళదేశములో, ప్రాచీన గ్రంథములకై ఊరూర తిరిగిన ఉ. వే. స్వామినాథ అయ్యరు (1855-1942) స్వీయచరిత్రలో నొక సంగతి చెప్పియున్నారు. కరివలంవందనల్లూరు ఆలయమున వరగుణపాండ్యుని నాటి పుస్తకసంచయ మున్నదని విని అచటికి పోగా, చివికిన యాకులను ఆగమవిధి ననుసరించి నేయి పోసి హోమము చేసితిమని ఆలయపు టుద్యోగి చెప్పెనట. విధి తప్పలేదు, ఎత్తి వ్రాయుట మాత్రము జరుగలేదు. మన కృష్ణా గోదావరులలో, పెన్నలో ఇట్లు కలిసినవి యెన్నియో లెక్క వ్రాసినవారు లేరు.

అచ్చు మన పల్లెలకు చేరకముందే, కొందఱు ఇంటింటి యటకల వైపు తలయెత్తి చూచిరి. వారిలో ముందుగా చెప్పవలసినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండు ఉత్తరమునగల యొక దీవిలో పుట్టి, 1783లో మద్రాసునకు వచ్చి, కుంపినీ సేనలో చేరి, నేలకొలత పనిచేసి, 1815లో భారతదేశమునకంతకు సర్వేయరు జనరలైనవాడు. ఆయనకు మన భాషలు రావు. ఆయనకు కన్నును నాలుకయునై నిలిచినవారు ఏలూరువారైన కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే చనిపోగా లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. వీరును, వీరి క్రింది గుమాస్తాలును గ్రామములకు పోయి, కరణముల యిండ్లలోని కవిలెలను విప్పించి, చెఱువెవరు త్రవ్వించిరి, గుడి యెవరు కట్టించిరి, ఈ గ్రామము ఏ దొరతనము క్రిందికి ఎప్పుడు మారినది, అని అడిగి వ్రాయించిరి. అట్లు వ్రాసిన గ్రామవృత్తాంతములకే కైఫీయతులని పేరు.

ఈ కవిలె యేమో నేటి చిన్నవారికి తెలియదు. అది కరణము వంశపారంపర్యముగా వ్రాసికొను లెక్కల కట్ట. భూమి యెంత, శిస్తెంత, మాన్యము లెవరివి, ఏ యేట కఱవు వచ్చినది, ఏ యేట గట్టు తెగినది, అన్నియు నందుండును. రాయలసీమ ప్రాంతమున కడితమని మఱియొకటి గలదు. గుడ్డకు చింతగింజల జిగురును బొగ్గును పట్టించి మడతలు పెట్టి, దానిమీద బలపముతో వ్రాసెడివారు. కరణమునకు అది చరిత్ర కాదు, వృత్తికి కావలసిన లెక్క. అందుచేతనే అందు పొగడ్త తక్కువ, సమాచార మెక్కువ. రాజు గెలిచినాడని ప్రశస్తి చెప్పును. ఆ గెలుపున మన యూరిలో ఎన్ని యిండ్లు పాడుపడెనో కవిలె చెప్పును.

మెకంజీ 1821లో చనిపోయెను. ఆయన భార్యనుండి ఆ సంచయమును కుంపినీ ప్రభుత్వము లక్ష రూపాయలకు కొనెను. 1828లో విల్సను అను పండితుడు దానికి పట్టిక వ్రాసి ప్రకటించెను. ఆ పట్టిక ప్రకారము అందు 1,568 గ్రంథములు, 2,070 స్థానికవృత్తాంతములు, 8,076 శాసనముల ప్రతులు గలవు. ఇన్ని చేర్చిన పిమ్మట ఇక భయము లేదనుకొందుము. అట్లు కాలేదు. దక్షిణదేశపు భాషలలోని కాగితములు మద్రాసు చేరి యూరకపడియుండగా సిరా వెలిసెను, పురుగు తినెను. టేలరను మతాచార్యుడు వానిని పరిశీలించి 1838లో నివేదిక ప్రకటించుటయు, చెడుచున్న వానిని మరల వ్రాయించుటయు జరిగినవి. తెలుగు కైఫీయతులను తిరిగి వ్రాయించుటలో బ్రౌనుదొర పూనుకొనెను. చూచితిరా, ప్రభుత్వపు బీరువాలో పెట్టినను చివరకు పనిచేసినది మన తాతల పాతపద్ధతియే: విప్పుట, చదువుట, ఎత్తి వ్రాయుట.

బ్రౌనుదొర పేరు మీరందఱు విన్నదే. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1817లో మద్రాసునకును, 1820లో కడపకును వచ్చినవాడు. వేమన పద్యములు ఊరూర నోళ్లలోను, అటకలలోను చెదరియుండగా, ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, 1829లో 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. 1852లో నిఘంటువు వెలువడినది. కడపలో తన బంగళాయందే జూలూరి అప్పయ్య మొదలగు పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టి గ్రంథములను శోధింపజేసెను. ఆ పండితులు చేసినదేమని యడిగినచో, ఇల్లు సర్దినట్లు గ్రంథమును సర్దిరని చెప్పుదును. పది ప్రతులు ముందు పెట్టుకొని, ఇది లేఖకుని తప్పు, ఇది కవి మాట, ఇది మఱియొకడు దూర్చిన పద్యము, అని వేఱుచేసిరి. తప్పని తోచిన పాఠమును చెఱిపివేయక, ఇదియు నున్నది అని గుర్తువ్రాసి యుంచుట పండితమర్యాద. నేడు కడపలో ఆ దొర నివసించిన చోటనే ఆయన పేర గ్రంథాలయమున్నది.

పాఱవేయుట యొక్కటే తప్పనుకొనరాదు. చూడక దాచుటయు అంతపనిచేయును. దీనికి తిరుమల కంటె గొప్ప నిదర్శనము నాకు తోచదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) పాడిన సంకీర్తనములను వారి వంశమువారు రాగిరేకుల మీద చెక్కించి, ఆలయములోని యొక రాతి యఱలో భద్రపఱచిరి. తాటాకును నమ్మక రాగిని నమ్మినవారు, ఎంత దూరదృష్టి! కాని కాలక్రమమున ఆ యఱ యేమో, అందేమున్నదో లోకము మఱచెను. 1816లో మద్రాసున తెలుగు వ్యాకరణము నచ్చువేసిన క్యాంబెలుదొర, తిరుపతికొండమీద వేలకొలది రాగిరేకులున్నవని విని, అందు వ్యాకరణగ్రంథ ముండునేమో యని యాశపడి నకళ్లు తెప్పించెను. తీరా చూడగా అవి దేవుని పాటలని తేలెను. తనకు కావలసినది కాదు గనుక ఆ మాట పీఠికలో వ్రాసి తన దారిని పోయెను. పదకవితాపితామహుని పాటలు అతని చేతిలోనికి వచ్చి తిరిగి పోయినవి! అటుపిమ్మట నూఱేండ్లు గడచి, 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి దృష్టి పడినగాని ఆ రేకులు వెలికి రాలేదు. పిదప పండితులు వానిని పరిష్కరించి సంపుటములుగా ప్రకటించిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అందు పాటుపడినవారు. ముప్పదిరెండువేల సంకీర్తనములని వంశమువారి మాట. దొరకినవి సుమారు పదునాలుగువేలు.

ఇది మాత్రము నన్ను చాల కాలము వేధించిన విషయము. క్యాంబెలు చదువురానివాడు కాడు, అలసుడు కాడు. వ్యాకరణము వెదకువానికి పాట దొరకినది, అంతే. అటక దింపు మనమును ఇట్లే. పొలము దస్తావేజు వెదకువానికి పశువైద్యము దొరకును; ఇది నాకు కావలసినది కాదని ప్రక్కకు త్రోయును.

తంజావూరి సంగతి దీనికి భిన్నము. నాయకరాజుల నాటినుండి పెరుగుచు వచ్చిన సరస్వతీమహలు గ్రంథాలయమును మహారాష్ట్రరాజైన రెండవ శరభోజి (1798-1832) మిక్కిలిగా వృద్ధిచేసెను. 1880లో బర్నెలు దానిలోని సంస్కృతగ్రంథములకు పట్టిక ప్రకటించెను. 1918లో అది ప్రజలకు గ్రంథాలయమైనది. మన మానవల్లి రామకృష్ణకవిగారు అచట వెదకి, పండితులు దాదాపు మఱచిన నన్నెచోడకవి కుమారసంభవమును కనుగొని, 1909లో ప్రకటించిరి. నన్నెచోడుడు నన్నయకు ముందువాడా, వెనుకవాడా యని నాడు పుట్టిన వాదము చాలకాలము సాగినది. ఆ వాదమునకు చోటైన దొక్క కట్ట. తెలుగుగడ్డకు దూరమున, రాజుల పుస్తకశాలలో నుండుటచేత మిగిలెను. తెలుగునాట నది యెన్ని యిండ్లలో నుండి, ఎన్ని సంక్రాంతులలో ఒక్కొక్కటిగా బయటికి పోయినదో!

ఇదంతయు దొరలు, రాజుల కథ, మా యింటి యటకపై ఏముండును, అందురా? వినుడు.

1984లో ఆంధ్రప్రదేశమున కరణము, మునసబు పదవులు రద్దయినవి. ప్రభుత్వమునకు కావలసిన లెక్కలు ప్రభుత్వము తీసికొనెను. తాతలనాటి కవిలెలు ఎవరికిని అక్కఱలేనివై కొన్ని యిండ్లలో మిగిలిపోయెను. కొన్నియేండ్ల క్రిందట మా ప్రక్కయూరిలో అట్టి యొక మండువాలోగిలిని విప్పుచుండిరి. కొడుకులందఱు పట్టణములలో నున్నారు. దూలములు, ద్వారబంధములు కొనువాడు వచ్చి బేరమాడుచున్నాడు. భోగికి మూడుదినములున్నది. పెరటిలో విరిగిన ఊయలబల్ల, రంధ్రముపడిన కాగు, చిల్లుల జల్లెడ, వాని నడుమ మూడు తాటాకుకట్టలు. ఇంటి పెద్దకోడలు నన్ను చూచి, "రండి మాష్టరుగారూ, కూర్చుండుడు" అనెను. "అమ్మా, ఆ కట్టలొకసారి విప్పి చూడవచ్చునా?" అని యడిగితిని. "అయ్యో, కావలసినచో తీసికొనిపొండి. మా మామగారు పోయిన తరువాత వానిని ముట్టినవారు లేరు. చీమలున్నవేమో, చేయి జాగ్రత్త" అని చెప్పి, ఒక పీటయు మంచినీళ్లును తెచ్చి పెట్టినది.

మొదటి కట్ట రామాయణములో సగము. చూచినంతనే తెలిసినది, అది చక్కగా అచ్చైన గ్రంథమే. రెండవది పశువులకు కట్టు, పసరు మందులు. చివరి యాకులు చీమలు తినివేసినవి. మూడవది కవిలె. అక్షరము కుదురునది కాదు. ఒక్కొక్క పదము విడదీసికొనుచు చదువునప్పటికి సాయంకాలమైనది. ఒక కీలక సంవత్సరములో పెద్దచెఱువు గట్టు తెగినదనియు, గండి పూడ్చుటకు పరదేశమునుండి వచ్చిన వడ్డెవారు ఇన్నియిండ్లవారు పనిచేసిరనియు, గట్టుక్రింద వారికి ఇంత మడి మాన్యముగా విడిచితిమనియు అందున్నది. క్రింద ఒక్కొక్క కుటుంబపు పెద్ద పేరు. ఆ కీలక ఏ శతాబ్దపుదో నేను నిర్ణయింపలేదు. నిర్ణయించుటకు అందు ఆధారము లేదు.

ఆ యూరిచివర వడ్డెవారి వాడ నేటికిని గలదు. మేము ఎక్కడినుండియో పొట్టకూటికి వచ్చినవారమని తప్ప వారికి తమ సంగతి తెలియదు. ఊరివారును అట్లే అనెడివారు. మఱునాడు ఆ వాడలోని ముసలివా డొకడు నాయొద్దకు వచ్చి, అరుగుమీద కూర్చుండక క్రిందనే నిలిచి, "అయ్యా, ఆ పేర్లు మరొకసారి చదువుతారా" అనెను. అరుగుమీద కూర్చుండబెట్టి చదివితిని. నాలుగవ పేరు వచ్చినప్పుడు ఆపుమనెను. ఆ పేరు అతని మనుమనిది. తన తాతకు తాత పేరని పెట్టితిమి గాని ఆయన యేమి చేసినవాడో మాకెవరు చెప్పలేదనెను. మాన్యము వారికి తిరిగి రాలేదు. అది యిప్పుడు చేతులు మారి యెవరెవరి పట్టాలోనో యున్నది, తాటాకు చూపి భూమి నడుగుటకు వీలులేదు. అయినను ఆ సంవత్సరము చెఱువుకట్ట మీద పొంగళ్లు పెట్టునప్పుడు మొదటి కుండ ఆ వాడవారిచేత పెట్టించిరి. ఆ కవిలె మూడుదినములు ఆలస్యముగా నా కంటబడినచో ఇవి యేవియు లేవు.

ఇక మీ యటకలలో ఇట్టివి కనబడినచో ఏమి చేయవలెనో నా యెఱిగినంత చెప్పెదను. కట్టను లాగి విప్పవలదు. త్రాడు చివికియున్నచో దానిని తెంపక మెల్లగా సడలింపుడు. ఆకులు అంటుకొనియున్నచో గోటితో ఊడదీయవలదు. వాటికి నూనెపట్టించి విడదీయు నేర్పరులు వేఱుగా నున్నారు. తడిగుడ్డ తగులరాదు. ఎండలో ఆరబెట్టరాదు. మెత్తని పొడికుంచెతో దుమ్ము తీసిన చాలును. చిరిగినచోట జిగురుకాగితము అతికింపరాదు. అది కొన్నాళ్లకు అక్షరమునే ఊడదీసికొనిపోవును. విడియాకులు దొరకినచో, అవి దొరకిన వరుసను మార్చక, మీ మనుమనిచేత చేతిఫోనుతో ఒక్కొక్కదానికి రెండువైపుల ఛాయాచిత్రము తీయింపుడు. ఇల్లు సర్దువారికి వరుస మార్చి అందముగా పేర్చవలెనని చేయి దురదపెట్టును. ఆ యందము వలదు.

పాతదంతయు దాచుడని నేననను. అచ్చుపుస్తకముల పాత సంచికలు, పిల్లల చింపిన వాచకములు, ముప్పదియేండ్లనాటి పంచాంగములు ఇంటికి బరువే, నిరభ్యంతరముగా తీసివేయుడు. అయితే పంచాంగపు అంచున తాతగారు పుట్టుకలు, చావులు, వానపడిన దినములు వ్రాసికొనెడివారు. ఒకసారి పుటలు త్రిప్పి చూచి మఱి తీసివేయుడు. దస్తావేజులు, పాత జాబులు, జాతకములు, వెనుకటి లెక్కల పుస్తకములు ఇవి వేఱు కుప్పగా పెట్టి, చదువగలవారు వచ్చువఱకు పొడిచోట నుంచుడు. రాగిరేకు మీద గీతలున్నచో, దానిని తూకమునకు వేయుటకు ముందు చదువగలవానికి చూపుడు.

చదువుటకు మీయూరిలో నెవరును లేనిచో దిగులు వలదు. తిరుపతిలో 1939లో వెలసిన ప్రాచ్యపరిశోధనాలయము, హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయము, కడపలోని బ్రౌను గ్రంథాలయము ఇట్టివానికై యేర్పడినవే. 2003లో కేంద్రప్రభుత్వము వ్రాతప్రతుల కొఱకు ప్రత్యేకముగా నొక జాతీయ సంస్థను నెలకొల్పగా, నాటినుండి ఇంటింటి ప్రతుల వివరములను గుర్తించు పనియు జరిగినది. కట్టను వారికి దానమీయ నిష్టములేనిచో ఛాయాచిత్రములు మాత్రమైనను అందజేయవచ్చును.

ఇచ్చునప్పుడు కట్టతోపాటు ఒక చీటి పెట్టుడు. ఊరి పేరు, ఇంటిపేరు, ఏ గదిలో ఏ చోట దొరకినది, దానిని చివరిసారి చదివినవా రెవరు, దానిప్రక్కన మఱి యేయే వస్తువులున్నవి, ఈ మాటలు మీరు తప్ప మఱియొకరు వ్రాయలేరు. మెకంజీ గుమాస్తాలు ప్రతి కైఫీయతునకును మొదట గ్రామము పేరు వ్రాసిరి. అందుచేతనే రెండువందల యేండ్ల తరువాత కూడ, మీయూరి కాగితమున్నదా యని యడిగినచో వెదకి తీయుటకు వీలగుచున్నది. సిరా వెలియును గనుక చీటిని సీసపుకడ్డీతో వ్రాయుడు.